ప్రాసెసర్ కొనమంటావా, అక్కయ్యా?

ప్రియమైన అక్కయ్యకు,

నీ చిన్నోడు నమస్కరించి పెట్టుకునే అర్జీ. నవ్వకు. పెద్ద ఖర్చు ఏదైనా నోటితో అడగకూడదు, కారణాలతో రాసి అడగాలి, రాతలో జవాబు వచ్చేదాకా కొనకూడదు. నాన్న పోయాక నువ్వు పెట్టిన ఈ నియమం నలభై దాటిన నా మీద ఇంకా అమల్లోనే ఉంది. సంపాదన నాదే అయినా సరే, నీకు రాయకుండా కొంటే వస్తువు ఇంట్లో ఇమడదు నాకు. "మన ఇంట్లో ఫ్యాను తిరగాలన్నా మీ అక్కయ్య సంతకం కావాలి" అని నీ మరదలు దెప్పుతూనే ఉంటుంది.

విషయానికొస్తాను. నా డెస్క్‌టాప్‌కు ప్రాసెసర్ మార్చాలని ఉంది. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే బుర్ర. నా పని నీకు తెలిసిందే, కళ్ళ ముందు లేని గదులను ఉన్నట్టే చూపించే బొమ్మలు చేయడం. ఏ గోడ మీద వెలుగు ఎలా పడుతుందో, నీడ ఎక్కడ ఆగుతుందో ఒక్కో బొమ్మకూ యంత్రమే లెక్క కట్టాలి. నా దగ్గరున్నది ఒక్క బొమ్మకు గంట పైనే తీసుకుంటోంది. మధ్యలో మౌసు కదిపితే "ఆగవయ్యా" అన్నట్టు తెర బిగుసుకుపోతుంది.

పిల్లల ఆసుపత్రి వాళ్ళు ఒక పని ఇస్తామన్నారు. ఆపరేషన్‌కు వచ్చే పిల్లలు బెదిరిపోకుండా, వాళ్ళు వెళ్ళబోయే దారిని ముందే తెర మీద నడిపించి చూపాలట. ఆ గదుల్లోకి కెమెరాలను రానివ్వరు. కొలతలు ఇస్తారు, కట్టి చూపించాల్సింది నేను. ముందు ఒక వార్డుకు చేసుకురమ్మంది పెద్ద డాక్టరమ్మ. నచ్చితే ఆసుపత్రి మొత్తం నాదే. నచ్చకపోతే పని కోసం ఇంటి పక్కనే తీసుకున్న ఈ అద్దె గదికి తాళం వేసి పాత డ్రాయింగ్ ఆఫీసుకు పోవడమే. ఆ యజమాని మొన్న ఎదురుపడి, "నీ కుర్చీ అలాగే ఉంచానోయ్, ఎప్పటికైనా వస్తావని తెలుసు" అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే తిండి సయించడం లేదు.

మంచి ప్రాసెసర్ కొంటే గది అద్దె రెండు మూడు నెలలది ఒక్కసారే పోతుంది. కొనమంటావా?

నీ జవాబు కోసం గుమ్మం వైపే చూస్తూ,
చిన్నోడు

* * *

ప్రియమైన చిన్నోడా,

ఉత్తరం అందింది. ఉదయం ప్రార్థనలో నీ పనిని తలుచుకున్నాను. పసిపిల్లల భయం పోగొట్టే పని నీ చేతికి రావడమే నాకు గొప్పగా ఉంది.

ప్రాసెసర్ల సంగతి నాకు తెలియదు. కళ్ళద్దాల సంగతి కొంచెం తెలుసు. చూపు తగ్గింది, నంబరు పెంచమని మా దుకాణానికి వచ్చేవాళ్ళలో కొందరికి ఉన్న అద్దాలు తుడిచి ఇస్తే చాలు. వాళ్ళు అబద్ధమాడటం లేదు. మసక నిజమే. అది ఎక్కడుందో చూసుకోరు, అంతే.

ఒక పూట వేరే పని పెట్టుకోకుండా ఆ యంత్రం ముందు కూర్చో. తొందరపెట్టకు, తిట్టకు. ఎప్పుడు ఆగుతోందో, దేని కోసం ఆగుతోందో చూడు. నేను ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చుంటే కనిపిస్తుంది. చూసింది రాయి.

ఆ యజమాని నవ్వు ఆయన దగ్గరే ఉండనీ. నువ్వు ఇంటికి మోసుకురాకు.

ఫ్యాను వేయడానికి నా సంతకం అక్కర్లేదని మరదలికి చెప్పు. గదిలో ఎవరూ లేనప్పుడు ఆపకపోతేనే నాకు రాయాలి.

ఆశీస్సులతో,
అక్క

* * *

ప్రియమైన అక్కయ్యకు,

కూర్చున్నాను. ఫోను పక్కగదిలో పడేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నీ మరదలు రెండుసార్లు తొంగి చూసింది.

"ఏమండీ, దానికి మొక్కుతున్నారా?"

"చూస్తున్నాను."

"పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా ఇంతసేపు చూడలేదు మీరు!"

అక్కయ్యా, ఏం కనిపించిందో తెలుసా? బొమ్మ మొదలైనప్పుడు ప్రాసెసర్ ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తోంది. కాసేపటికి, అది ఎంత పని చేస్తోందో తెర మూల చూపించే కొలత జారిపోతోంది. అది ఖాళీగా కూర్చుంటోంది! డిస్కు లైటు మాత్రం టపటపా కొట్టుకుంటోంది. తక్కువైంది ర్యామ్. పని చేసుకునే బల్ల చిన్నదైతే, పట్టని కాగితాలు బీరువాలో పెట్టడం, కావలసినప్పుడు మళ్ళీ లేచి వెళ్ళి తెచ్చుకోవడం, అదీ దాని అవస్థ. ఇన్నాళ్ళూ పాపం బుర్రను తిట్టాను.

ర్యామ్ కొనేశాను. నీ నియమం కిందికి రాని ఖర్చేలే, రెండు ఆదివారాలు బయట తినడం మానుకుంటే సరి. ఇప్పుడు బొమ్మకు అరగంట. కంప్యూటర్ విప్పి కూడా చూడకుండా, అంత దూరం నుంచి జబ్బు ఎక్కడుందో నా చేతే చెప్పించావు. నీ ఓపికలో పావు వంతు నాకుంటే ఎక్కడో ఉండేవాణ్ణి.

అయినా అర్జీ వెనక్కి తీసుకోవడం లేదు. ఇప్పుడు కొలత చివరిదాకా నిండుగానే ఉంటోంది. ఇక మిగిలిన ఆలస్యం నిజంగా ప్రాసెసర్‌దే. దారులు రెండు. సరికొత్తది కొంటే అది నా మదర్‌బోర్డులో, అంటే అన్నీ బిగించే పలకలో, కూర్చోదు, బోర్డు మార్చాలి, దానికి మళ్ళీ ర్యామ్ మార్చాలి. గుండీ కోసం చొక్కా కొన్నట్టు. అది మానేశాను. నా పాత బోర్డు ఒప్పుకునే వాటిలో అన్నిటికన్నా పైది ఒకటుంది. దాన్ని బిగించి, వేడి లాగే పెద్ద ఫ్యాను ఒకటి పెడితే చాలు. అయినా రెండు నెలల అద్దె. అడుగుకొక బొమ్మ చొప్పున పేర్చి డాక్టరమ్మ అడిగిన సినిమా మాత్రం ఇప్పుడున్న దాంతో గడువులోపు ఎలాగో పూర్తవుతుంది.

ఏం చేయమంటావు?

నీ మాట దాటని,
చిన్నోడు

* * *

ప్రియమైన చిన్నోడా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చూడటం నీకు వచ్చు. నేను కూర్చోమన్నానంతే.

దుకాణంలో రెండు అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడుగుతాం. రెండూ ఒకేలా ఉన్నాయంటే తక్కువ నంబరే ఇస్తాం. నువ్వూ అలాగే చెప్పు. కొత్త ప్రాసెసర్ ఉంటే బొమ్మ చూసేవాళ్ళకు ఏం తేడా కనిపిస్తుంది? నీకు కాదు, వాళ్ళకు.

మన సైరన్ కొత్త ఫ్రిజ్ కావాలని నాలుగు పేజీలు రాసింది. కారణం ఒక్కటే, నాలుగుసార్లు రాసింది. చిన్నప్పుడు ఏడుపులోనూ అంతే కదా మీ చిన్నక్క.

తిండి సయించక ఒంట్లో నలతగా ఉంటే పని ఆపి పడుకో.

ఆశీస్సులతో,
అక్క

* * *

ప్రియమైన అక్కయ్యకు,

నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఏ తేడా కనిపించదు. అరగంటలో చేసినా, చిటికెలో చేసినా బొమ్మ ఆ బొమ్మే. చూసేవాళ్ళకు యంత్రంతో పనేముంది? నాకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది, అంతే.

సినిమా పూర్తయింది. ఈ వారంలోనే ఆసుపత్రిలో చూపిస్తున్నాను. నీ ప్రార్థనలో మాకూ కాస్త చోటు పెట్టు. మిగతాది నీ ఇష్టం.

చిన్నోడు

* * *

అక్కయ్యా,

కొన్నాను. నీ జవాబు రాకముందే.

ముందు జరిగింది చదివి, తర్వాత తిట్టు. వార్డులో సినిమా వేశాం. ముందు తలుపు దగ్గర మొదలై, వరండా, నర్సమ్మల బల్ల, చివరికి ఆపరేషన్ గది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. డాక్టరమ్మ తల ఊపుతోంది. గట్టెక్కాననుకున్నాను. ముందు వరసలో, కాళ్ళు నేలకు అందని ఒక పాప కూర్చుంది. దాని ఆపరేషన్ దగ్గర్లోనే ఉంది. అది వేలు చూపించి అడిగింది:

"ఆ పచ్చ తలుపు వెనకాల ఏముంది?"

"దుప్పట్లు పెట్టుకునే గది, తల్లీ."

"చూపించు."

గదులన్నీ కట్టే ఉన్నాయి కానీ సినిమాలో అటు వెళ్ళలేదు. ఆ బొమ్మ చేయలేదు. "రేపు తెచ్చి చూపిస్తానమ్మా" అన్నాను.

"అంటే ఏదో ఉంది" అంది అది, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని.

మర్నాడు బొమ్మ తీసుకెళ్ళాను. దుప్పట్లు, దిండ్లు, ఒక నిచ్చెన. అది సరిగా చూడను కూడా లేదు. "ఇంటికెళ్ళి మార్చేసి తెచ్చావు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి మెల్లగా అంది, "మీ బొమ్మలు చాలా బాగున్నాయండీ. కానీ ఈ పిల్లకు భయం ఇంకా పెరిగింది కదా. ఇలా అయితే ఎలా?"

పని చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా నాకు వినపడింది ఆ మాట కాదు, నువ్వు అడిగిన మాట. చూసేవాళ్ళకు ఏం తేడా? తేడా ఉంది, అక్కయ్యా! బొమ్మ ఎంత బాగుందన్నది కాదు, ఎప్పుడు వచ్చిందన్నది. పిల్ల అడిగినప్పుడు దాని కళ్ళ ముందే తయారవ్వాలి, మధ్యలో ఎవరూ మార్చడానికి సందు ఉండకూడదు. అరగంట పాటు ఏ పసిపిల్ల కూర్చుంటుంది?

ఆసుపత్రి నుంచి నేరుగా కంప్యూటర్ దుకాణానికే వెళ్ళాను. పెట్టె చూసి నీ మరదలు గడప దగ్గరే నిలబడిపోయింది. "మీ అక్కయ్య ఉత్తరం రాకముందే కొన్నారా! ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో!" అంది. కానీ నేను బిగిస్తున్నంతసేపూ టార్చి పట్టుకుని నిలబడింది. ప్రాసెసర్‌ను మూడుసార్లు పైకి తీసి మళ్ళీ పెట్టాను. దాని అడుగునున్న సన్నని సూదులు వంగుతాయనో, నీ నియమం తప్పాననో తెలియదు.

మర్నాడు కంప్యూటర్‌ను టాక్సీలో తీసుకెళ్ళాం. డబ్బా నీ మరదలి ఒళ్ళో. "టీవీనా అమ్మా?" అన్నాడు డ్రైవరు. "కాదు బాబూ, మా ఆయన రెండో పెళ్ళాం" అంది.

పాప మంచం పక్కనే తెర పెట్టి, "ఏం చూడాలో నువ్వే చెప్పు" అన్నాను. అది గోడ వైపు నుంచి కొంచెమే తిరిగింది. "పచ్చ తలుపు." అప్పుడే వాళ్ళమ్మ పాలగ్లాసు చేతికిచ్చింది. తెర మీద ముందు మసక, తర్వాత గీతలు, తర్వాత మడతలు పెట్టిన దుప్పట్లు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి నిచ్చెన మెట్లు కూడా తేలాయి. మూతి మీద పాల మీసంతో అలాగే చూసింది. "ఆ మంచం కింద?" చూపించాను. "పెద్ద దీపం వెనకాల?" అదీ చూపించాను. ఇంకా ఇంకా అడిగి, చివరికి తనే "చాలు" అంది. తర్వాత తెర మీద ఆపరేషన్ గది బయటున్న బల్లను వేలితో తట్టి వాళ్ళమ్మతో చెప్పింది:

"అమ్మా, నువ్వు ఇక్కడ కూర్చో. నేను ఇలా వెళ్ళి, ఇలా వచ్చేస్తా."

వాళ్ళమ్మ ముఖం తిప్పుకుంది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మిగతా వార్డులు ఎప్పటికి ఇస్తారు?" అని అడిగింది.

గది ఉంటుంది అక్కయ్యా. ఆ కుర్చీ ఆయన ఎవరికిచ్చుకున్నా సరే. కానీ నీ జవాబుకు ఆగకుండా చేసిన మొదటి పెద్ద ఖర్చు ఇది. అందుకే ఇంకా మనసు కుదుటపడలేదు.

నీ,
చిన్నోడు

* * *

ప్రియమైన చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చేసరికి నా జవాబు కవరులో ఉంది. ఇంకా అంటించలేదు. అందులో "వద్దు" అని రాశాను.

రెండు అద్దాలూ ఒకటే అన్నావు కాబట్టి తక్కువ నంబరు ఇచ్చాను. నా దుకాణం లెక్క అది. ఇక్కడ కూర్చుని నేను ఆ పాపను ఎలా చూడగలను? నువ్వు చూశావు. నా మాట కోసం ఆగి ఉంటే ఆ పిల్ల భయంతోనే లోపలికి వెళ్ళేది. ఆగలేదు. ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చేయనంత మంచి ఖర్చు చేశావు. అది చదివి, దుకాణం మూసే వేళైనా కుర్చీలోంచి లేవలేకపోయాను.

నియమం తప్పానని బాధపడకు. అది ఎందుకు పెట్టానో మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో డబ్బు చాలక అనుకున్నారు. డబ్బు నిజంగానే చాలేది కాదు. కానీ అందుకు కాదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సైరన్ ఏడ్చి తెచ్చుకునేది. నువ్వు ఏడ్చేవాడివి కాదు, అడిగేవాడివీ కాదు. చెప్పు తెగితే సుతిలితాడు కట్టుకుని బడికి వెళ్ళావు, నాకు కనపడకుండా గోడ వారగా నడుస్తూ. నీ చేత అడిగించడానికే అందరికీ ఆ నియమం పెట్టాను.

నీ మొదటి అర్జీలో ఏమడిగావో నీకు గుర్తుండదు. ఎడమ చెప్పు ఒక్కటి కొనిపెట్టమన్నావు. కుడిది ఇంకా బాగానే ఉందని కారణం రాశావు.

అప్పటి నుంచీ నీ ప్రతి అర్జీలోనూ నువ్వు ఏం తగ్గించి అడిగావా అని వెతుకుతూనే ఉన్నాను. ఈసారి ఒక పిల్ల కోసం, ఎవరి జవాబుకూ ఆగకుండా, కావలసినంతా కొన్నావు. ఇక నియమం నీకు లేదు. కొన్నాక చెప్పు, సంతోషిస్తాను. సైరన్‌కు మాత్రం ఉంటుంది. ఈ సంగతి దానికి చెప్పకు.

టార్చి పట్టినందుకు మరదలికి నా ముద్దులు. డబ్బాను ఒళ్ళో మోసినందుకు ఇంకో రెండు.

ఆపరేషన్ ఏ రోజో రాయి. ఆ ఉదయం ప్రార్థనలో ఆ బల్ల మీద కూర్చునే తల్లి కోసం ఎక్కువసేపు ఉంటాను. పాపకు దారి తెలుసు.

నిన్ను చూసి పొంగిపోతున్న,
అక్క