నాన్న కూర్చున్న ఓటు బల్ల

డోబ్రిన్, నెబ్రాస్కా
మార్చి 9

ప్రియమైన లవాన్,

ఈ ఉత్తరంలో కోళ్ళ కబుర్లూ చర్చి కబుర్లూ లేవు. మన ఊరి వృద్ధాశ్రమాన్ని జూన్ నెలాఖరుకు మూసేస్తున్నారు. నడిపే కంపెనీకి ఇక గిట్టుబాటు కావడం లేదట. లోపల ముప్పై ఒక్క మంది ఉన్నారు. తొమ్మిదో గదిలో మీ బావ ఎమిల్ ఉన్నారు.

ఆయనకు నా పేరు గుర్తు లేదని నీకు తెలుసు. కానీ రోజూ నాలుగు గంటలకు గసగసాలు పెట్టిన తియ్యని కొలాచీ బన్ను పట్టుకుని వెళితే, నా అడుగుల చప్పుడు విని "వచ్చావా" అంటారు. ఆ ఒక్క మాట కోసమే నాకు తెల్లవారుతోంది. మతిమరుపు వాళ్ళను చూసుకునే మరో చోటు నూటపది మైళ్ళ అవతల ఉంది. నా కళ్ళకు శుక్లాలు. అంత దూరం కారు నడపలేను.

నిన్న ఫైర్ స్టేషన్ హాల్లో ఊరంతా చేరింది. ఊరే సొంతంగా ఒక అభివృద్ధి కార్పొరేషన్ పెట్టి, అమ్మకాల మీద చిన్న పన్ను వేసి, ఆ డబ్బుతో ఆశ్రమాన్ని కొని నడపాలని మేయరు అన్నాడు. దాణా కొట్టు లూమిర్ హ్రూస్కా లేచి, "ఇవాళ ముసలాళ్ళ హోటలు, రేపు సర్కస్ కంపెనీనా? అన్నిటికీ నా కొట్టే దొరికిందా?" అన్నాడు. సగం మంది నవ్వారు.

మే 12న ఓటింగ్. ఓటు బల్ల దగ్గర నాన్న కూర్చున్న కుర్చీలో కూర్చుని చీటీలు ఇచ్చేది, లెక్కపెట్టేది నేనే, కాబట్టి అటో ఇటో ఒక్క మాట అనకూడదు. నోరు కుట్టేసుకుని తిరుగుతున్నాను.

నీ అక్క
ఆర్డిత్

ఒమాహా
మార్చి 20

ప్రియమైన అక్కకు,

నువ్వు నోరు కుట్టేసుకున్నావంటే మీ కోళ్ళు కూడా నమ్మవు. బావ కోసం ఇక్కడ మూడు చోట్ల అడిగాను. ఎక్కడా ఖాళీ లేదు, ఏడాది ఆగమన్నారు. ఆ ఓటింగ్ గెలవడం తప్ప దారి లేదు.

లూమిర్ సంగతి వదిలెయ్. మూడో తరగతిలో నా జడ లాగినప్పటినుంచీ వాడంతే. పన్ను అంటే వాడికి పళ్ళు పీకినట్టే ఉంటుంది.

ఒక్క మాట. నాన్న చెప్పిందంతా వేదవాక్కు అనుకోకు. ఓటింగ్ రోజున చీకటితోనే నాన్న వెంట వెళ్ళి కుర్చీలు సర్దింది నేను. నువ్వు ముసుగు తన్ని పడుకునేదానివి. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళూ మనుషులే అక్కా.

ప్రేమతో
నీ లవాన్

డోబ్రిన్
మే 13

లవాన్,

ఓడిపోయాం. అవునన్నవాళ్ళు నూట పన్నెండు, కాదన్నవాళ్ళు నూట పన్నెండు. సమానంగా వస్తే ఓడినట్టేనట. మూడుసార్లు లెక్కపెట్టాం. లూమిర్ నా పక్కనే కూర్చున్నాడు, వాళ్ళ నాన్న మన నాన్న పక్కన కూర్చున్నట్టే. మూడోసారి లెక్కపెడదామన్నది అతనే. గెలిచిన సంతోషం అతని మొహంలో లేదు.

ఇవాళ నాలుగు గంటలకు వెళ్ళాను. "వచ్చావా" అన్నారు. ఆయన ఒళ్ళో తల పెట్టుకుని భోరుమన్నాను. నా జుట్టు నిమురుతూ, "ఎవరమ్మా నువ్వు? నిన్ను ఎవరేమన్నారు?" అని అడిగారు.

ఇంక రాయలేను.

ఆర్డిత్

ఒమాహా
మే 17

అక్కా,

ఒక్క ఓటు! నీ ఓటుతో కలిపి నూట పన్నెండైతే, ఇంట్లో కూర్చుని కాఫీ తాగిన ఆ మహానుభావుడెవరు? జాబితా నీ దగ్గరే ఉంటుందిగా. పేరు రాయి చాలు. బస్సెక్కి వచ్చి వాడి గుమ్మంలో కూర్చుంటాను. వాడి పెళ్ళాం కూడా వాడికి అన్నం పెట్టకుండా చేస్తాను.

కోపంతో, ప్రేమతో
లవాన్

డోబ్రిన్
మే 21

ప్రియమైన లవాన్,

బస్సెక్కనక్కర్లేదు. ఆ మహానుభావురాలు నేనే.

నాన్నకు మాటిచ్చాను కదా. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన రోజున, "లెక్కపెట్టేవాళ్ళం మనం ఓటు వెయ్యమమ్మా. అప్పుడే ఓడినవాడు కూడా మన లెక్క నమ్ముతాడు" అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా నేను ఒక్క ఓటు వేయలేదు. లూమిర్‌కు ఆ పట్టింపు లేదు, పొద్దున్నే నా కళ్ళముందే వేసుకున్నాడు. తలుపులు మూసే ముందు నేనూ ఒక చీటీ చేతిలోకి తీసుకున్నాను. ఎమిల్ గుర్తొచ్చారు. ఆయన గుర్తొచ్చారు కాబట్టే, నా స్వార్థం కోసం నాన్న మాట తప్పకూడదనుకుని తిరిగి పెట్టేశాను.

నా మొగుణ్ణి నేనే ఊళ్ళోంచి పంపించేశాను లవాన్. తప్పు చేయలేదని ఒక్కసారి రాయి. నాన్న కూడా ఇలాగే చేసేవాడని రాయి.

నీ అక్క

డోబ్రిన్
నవంబరు 7

ప్రియమైన లవాన్,

మే నెల ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. సెప్టెంబరులో ఎమిల్ అంత్యక్రియలకు వచ్చావు, మూడు రోజులున్నావు, అంట్లన్నీ తోమావు. నా మొహంలోకి మాత్రం చూడలేదు. నా మీద కోపమనుకున్నాను.

కొత్త చోట మీ బావ పదకొండు వారాలు బతికారు. మేయరు భార్య ఆదివారాలు నన్ను కారులో తీసుకెళ్ళేది. అక్కడ నేల మీద మెత్తని తివాచీ. నా అడుగులు వినబడేవి కావు. ఆయన మళ్ళీ "వచ్చావా" అనలేదు.

పంపేసినవాళ్ళలో మంచు పడకముందే ఐదుగురు పోయారు. ఊరికి సిగ్గేసింది. మంగళవారం మళ్ళీ ఓటింగ్ పెట్టారు. నూట అరవై మంది అవునన్నారు, డెబ్బై నాలుగు మంది కాదన్నారు. కార్పొరేషన్ వచ్చింది. జనవరిలో ఆశ్రమం తలుపులు తీస్తారు. నా ఓటు లేకపోయినా గెలిచేదే.

అయినా వేశాను. మే తర్వాత నేను కుర్చీ వదిలేశాను కదా, అందరితోపాటు వరసలో నిలబడ్డాను. లూమిర్ చీటీ ఇస్తూ, "ఏంటి ఆర్డిత్, ఇంత పొద్దెక్కి వచ్చావు? తలుపులు తియ్యకముందే వేసెయ్యడం మీ ఇంటి అలవాటు కదా" అన్నాడు.

"మా నాన్న వేసేవాడు కాదు" అన్నాను.

"వెయ్యకపోవడమేంటి! మొదటి చీటీ ఎప్పుడూ ఆయనదే. రెండోది మా నాన్నది. వేశామని ఎవరికీ చెప్పేవాళ్ళు కాదంతే. చిన్నప్పుడు మేం కుర్చీలు సర్దడానికి వెళ్ళేవాళ్ళంగా, నేనూ, మీ లవానూ. నువ్వూ అట్లాగే, నేను రాకముందే..."

అంటూ ఆగిపోయాడు. నూట పన్నెండు అతనికీ గుర్తొచ్చినట్టుంది. మొహం పాలిపోయింది. "ఆర్డిత్, మేలో నువ్వు వెయ్యలేదా?" అని మెల్లగా అడిగాడు. నేను చీటీ మడిచి డబ్బాలో వేసి వచ్చేశాను.

నాన్న ఓటు వెయ్యడం మీరిద్దరూ చూశారన్నమాట.

నేను అడిగిన ఆ ఒక్క వాక్యం నువ్వెందుకు రాయలేకపోయావో ఇప్పుడు తెలిసింది. అబద్ధం రాయలేకపోయావు, నిజం రాస్తే నేను బతకననుకున్నావు. నీ మీద కోపం లేదు. నాన్న మీద ఉంది. తిడదామని సమాధి దాకా వెళ్ళాను, పక్కనే ఎమిల్ కొత్త రాయి చూసి, దాని మీది ఆకులు ఏరి ఇంటికొచ్చాను.

ఇవాళ కొలాచీలు చేశాను. నాలుగయ్యేసరికి కాళ్ళు వాటంతటవే ఆశ్రమం వైపు నడిచాయి. గేటుకు తాళం ఉంది. పొట్లం పట్టుకుని కాసేపు నిలబడి వచ్చేశాను.

ఈసారి జవాబు రాయి. నాన్న గురించి ఏమీ వద్దు. ఎప్పుడొస్తున్నావో రాయి. గుమ్మంలో నీ అడుగుల చప్పుడు వినబడగానే అడగడానికి నా దగ్గర మీ బావ మాట ఒకటి ఉంది.

నీ అక్క
ఆర్డిత్