దానంతట అదే

మార్చి 4

చిరంజీవి పిచ్చుకకు,

బావ దీవెనలు. మీరంతా క్షేమమని తలుస్తాను. నా ఆరోగ్యం బాగానే ఉంది. మీ అక్క పోయి రేపటికి ఐదు నెలలు.

నీ ఉత్తరం అందింది. మీ బృందం తయారుచేసే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్‌ను మీ అక్కకు అంకితం చేయాలనుకుంటున్నారని, మొదటి తెర మీద ఆమె పేరు, ఫొటో పెడతారని రాశావు. నేను సరేనంటూ ఒక ముక్క పంపితే చాలన్నావు.

సరేననలేను. పేరు వద్దు. ఫొటో వద్దు.

కారణం అడుగుతావు. వాడేవాళ్ళు పంపిన ఫిర్యాదులన్నీ అందరికీ కనబడేలా మీరు ఒక పట్టికలో పెడతారు కదా. అందులో 20417 నంబరు తీసి చదువు. సెట్టింగ్స్ విభాగం నీది కాబట్టి దానికి జవాబులు రాసింది కూడా నువ్వే. చదివాక కూడా అడగాలనిపిస్తే అడుగు.

మీ ఇంట్లో అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ బావ


మార్చి 21

చిరంజీవి పిచ్చుకకు,

దీవెనలు. నీ జవాబు నాలుగు పేజీలు. రెండుసార్లు చదివాను. 20417 చూశానని, అలాంటివి రోజుకు ఇరవై వస్తాయని, ఎవరో అరసెకను అనే మారుపేరుతో రాసినదానికీ అక్కకూ సంబంధమేమిటని అడిగావు. బావా, మీరెప్పుడూ సగం చెప్పి సగం మింగుతారు, మీతో వేగడం మా అక్కకే చెల్లింది అని కూడా రాశావు. నిజమే. ఈసారి మింగకుండా రాస్తాను.

ఆ అరసెకను మీ అక్కే.

ఆ పేరు చూసి కూడా నీకు తట్టలేదు. నాకు అదే వింతగా ఉంది. ఆ అరసెకను ఆమెకు ఇచ్చింది నువ్వు.

ఏడేళ్ళ కిందటి సంగతి. ఆమె వేళ్ళు వణకడం మొదలైన ఏడాది. నువ్వు ఒక ఆదివారం వచ్చి, ఆమె పనిగదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కంప్యూటర్లో ఉన్న పాత సిస్టమ్ తీసేసి మీది ఎక్కించావు. అక్కా, ఇది ఏ కంపెనీ సొత్తూ కాదు, నీ మీద ఎవడూ ఏదీ రుద్దడు, నువ్వు సరేనంటే తప్ప చీమంత మార్పు కూడా జరగదు అన్నావు. నీ టీ చల్లారిపోతే మళ్ళీ పెట్టాను. తర్వాత ఆమె టైపు చేస్తుంటే వెనక నిలబడి చూశావు. ఒక్కో అక్షరం రెండేసి పడుతోంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఒకే కీ అరసెకనులోపు రెండోసారి తగిలితే పట్టించుకోవద్దని పెట్టావు. ఆమె ఒక పేరా కొట్టింది. ఒక్క తప్పు లేదు. ఒరే పిచ్చుకా, డాక్టరు మాట వినని వేళ్ళకి నువ్వు బుద్ధి చెప్పావురా అంది. ఒత్తుల కోసం ఒకే కీ రెండుసార్లు కొట్టేటప్పుడు మాత్రం కాస్త ఆగాలక్కా అని నువ్వంటే, అయితే అక్క అని కొట్టాలన్నా ఆగాలన్నమాట, ఆ మాత్రం మర్యాద ఉండాల్సిందే అంది.

నువ్వు వెళ్ళాక కూడా ఆ రోజంతా నవ్వు మొహంతోనే ఉంది.

ఆమె పని నీకు తెలుసు. పుస్తకాల చివర పదసూచికలు చేసేది. ఏ మాట ఏ పేజీలో ఉందో చూసి వరసగా పెట్టడం. చదివేవాడు వెతికిన చోట వస్తువు దొరకాలి, నా ఉద్యోగం అంతే అనేది. మీ సిస్టమ్‌తో ఆమెకు తంటా అక్కడే వచ్చింది.

మొదటి రెండు వెర్షన్లు బాగానే ఉన్నాయి. మూడోదానికి సెట్టింగ్స్ రెండయ్యాయి. పాత విండో ఒకటి, కొత్త విండో ఒకటి. పాతదాన్ని అడిగితే అరసెకను ఉందంటుంది. కొత్తదాన్ని అడిగితే లేదంటుంది. ఏది ఆఖరున తెరిస్తే కంప్యూటర్ దాని మాట వింటుంది. ఆ తర్వాతి వెర్షన్‌లో మూసే బటన్ కుడి నుంచి ఎడమకు పోయింది. ఆ పైదానిలో మళ్ళీ కుడికి వచ్చింది, అదీ సగం ప్రోగ్రాముల్లోనే. ఫాంటు ఎంచుకునే పెట్టె మూడు చోట్ల మూడు రకాలుగా ఉండేది. మీ అక్క వాటికి పెద్దత్త, నడిపత్త, చిన్నత్త అని పేర్లు పెట్టింది. ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియదు, ముగ్గురి దగ్గరా నేనే చేతులు కట్టుకుని నిలబడాలి అనేది. నీకు ఫోన్ చేసినప్పుడు మాత్రం బ్రహ్మాండంగా ఉందిరా అనేది. నేను నోరు తెరవబోతే చేత్తో ఊరుకోమనేది.

అన్నీ ఒకేసారి మార్చలేం బావా, మనుషులు తక్కువ, పాతింట్లో కాపురం చేస్తూనే కొత్తిల్లు కడుతున్నాం అని రాశావు. కట్టుకోండి. గోడ కొట్టేముందు ఆ గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ళకు చెప్పాలి.

నేను నీటి సరఫరా శాఖలో ముప్పై ఒక్కేళ్ళు పటాలు గీసినవాణ్ణి. వీధిలో ఒక వాల్వు రెండడుగులు జరపాలంటే ముందు పటం మీద ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఆ వీధిలో ఇంటింటికీ చెప్పి, అప్పుడు తవ్వేవాళ్ళం. మీకు అలాంటిదేమీ ఉన్నట్టు లేదు. అందుకని ప్రతి వెర్షన్‌కీ ఏది ఎక్కడికి పోయిందో నేనే ఒక కాగితం మీద గీసి ఆమె బల్ల ఎదురుగా గోడకు అంటించేవాణ్ణి. ముప్పై ఏళ్ళ వాల్వులు చాల్లేదా, నా బటన్లకి కూడా పటాలా అని ఎగతాళి చేసేది. చేస్తూనే చూసుకునేది. పాతదాని మీద కొత్తది, మొత్తం పదకొండు కాగితాలు. మొన్న గోడ మీంచి తీస్తే అట్టలా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది.

ఆ తర్వాతి వెర్షన్‌లో అరసెకను లేదు. ఏ విండోనడిగినా, ఏ అత్తనడిగినా లేదు. పాతదానికి వెనక్కి వెళ్ళే వీలు లేదని మీరే తెర మీద రాసిపెట్టారు.

అప్పుడు ఆమె చేతిలో పక్షుల పుస్తకం ఉంది. ఐదొందల ముప్పై పేజీలు. ఒక స్కూలు మాస్టారు సెలవులన్నీ అడవుల్లో తిరిగి రాసుకున్నది. ఆమె నాలుగొందల పన్నెండో పేజీ దాకా వచ్చింది. ఇదే ఆఖరుది, ఇది అవగానే కీబోర్డు కడిగి ఆరేస్తాను అనేది. ఇక ముందుకు సాగలేదు. ప్రతి పక్షికీ రెండు ముక్కులు మొలుస్తున్నాయండీ అంది. మొదటిరోజు నవ్వుతూనే అంది. నువ్వు చెప్పు, నేను కొడతాను అన్నాను. మీరు కొడితే అది మీ సూచిక అవుతుంది, నాది కాదు అంది.

నీకు ఫోన్ చెయ్యమన్నాను. చెయ్యనంది. అక్క అడిగితే వాడు చేస్తాడు, అది నాకు తెలుసు, నాలాంటి చేతులవాళ్ళందరికీ తమ్ముళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు అడిగినా చేస్తాడు చూడండి అంది. నీ మీద నమ్మకంతోనే అంది. మారుపేరు అందుకే.

ఆ ఫిర్యాదు పదిహేను వాక్యాలు. రాయడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఎక్కువ పడ్డ అక్షరాలు ఒక్కొక్కటే చెరుపుకుంటూ రాసింది. కొన్ని మిగిలిపోయాయి. నువ్వు మర్నాడే జవాబిచ్చావు. మీ ఫిర్యాదు చదవడం కష్టంగా ఉంది, అచ్చుతప్పులు సరిచేసి మళ్ళీ పంపండి అని. నీ కాలేజీ చివరి ఏడాది రిపోర్టు నూట తొంభై పేజీలు రెండు రోజుల్లో టైపు చేసిపెట్టింది మీ అక్క. వెతికినా ఒక్క తప్పు దొరకలేదని మీ లెక్చరర్ అన్నట్టు నువ్వే వచ్చి మాకు చెప్పావు.

దానికి ఆమె నొచ్చుకోలేదు. సరిచేసి పంపింది. ఈసారి నువ్వు రెండు సంగతులు రాశావు. ఒకటి, ఈ సదుపాయం వాడేవాళ్ళు వెయ్యికి ఒకరు కూడా లేరని మీ లెక్కల్లో తేలింది, పాత సెట్టింగ్స్ తీసేసినప్పుడు ఇదీ పోయింది, వీలునుబట్టి ముందు ముందు చూస్తాం. ఆ లెక్కలకు సమాచారం వెళ్ళకుండా ఆమె కంప్యూటర్లో ఆపింది నువ్వే, ఆ ఆదివారమే. అక్కా, నీ సంగతులు ఎవరికీ తెలియక్కర్లేదు అన్నావు. అందుకని మీ వెయ్యిమందిలో ఆమె లేదు.

రెండోది ఇది. నా అనుమతి లేకుండా వెర్షన్ దానంతట అదే మారిపోయింది, మీరిలా చేయరని నమ్మి వచ్చినదాన్ని అని ఆమె ఫిర్యాదు మొదట్లో రాసింది. మా సిస్టమ్ ఎప్పుడూ దానంతట అది మారదు, మీరే నొక్కి ఉంటారు, జరిగింది జరిగినట్టు రాస్తే సాయం చేయడం తేలిక అని నువ్వు రాశావు.

అది చదివి ఆమె తెర ముందు నుంచి లేచింది. వంటింట్లోకి వచ్చి, వాడు నన్ను అబద్ధాలకోరు అన్నాడండీ అంది. నువ్వని వాడికి తెలియదుగా అన్నాను. తెలియనివాళ్ళనైతే అనొచ్చా, నేను వాడికి అలాగేనా నేర్పింది అంది.

మళ్ళీ జవాబు రాయలేదు. పక్షుల పుస్తకం తెరవలేదు. కంప్యూటర్ మీద ఒక తువ్వాలు కప్పింది.

సెప్టెంబరులో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆస్పత్రిలో పందొమ్మిది రోజులు. నువ్వు వచ్చావు. చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. మాట కలపడానికి, కంప్యూటర్ ఎలా ఉందక్కా అని అడిగావు. బ్రహ్మాండంగా ఉందిరా అంది. నేను వరండాలోకి వెళ్ళిపోయాను.

ఆమె పోయిన నాలుగో రోజున ఆమె మారుపేరుకు మీ దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. తొంభై రోజులుగా మీ నుంచి జవాబు లేదు కనుక 20417 మూసేస్తున్నాం, ఈ సమస్య ఇంకా ఉందా అని. అది మనుషులు రాసేది కాదని నాకు తెలుసు. అయినా చాలాసార్లు చదివాను.

పక్షుల పుస్తకం జనవరిలో వచ్చింది. ప్రచురణకర్త ఒక కాపీ పంపాడు. పదసూచిక లేదు.

నువ్వు చెడ్డవాడివని అనడం లేదు. చెడ్డవాడివైతే ఆమె నిన్ను నమ్మేది కాదు, మనసు విరిగేదీ కాదు. ఆమె పట్టుకున్న కొయ్యను పీకేసిన చోటనే ఆమె ఫొటో తగిలిస్తానంటున్నావు. దానికి నేను సరేనని రాయలేను.

ఇట్లు,
మీ బావ

తాజా కలం: నిన్న కవరు అంటించాను. పొద్దున విప్పాను. మింగకుండా రాస్తానన్నాను, మళ్ళీ సగం మింగాను.

ఆ వెర్షన్ దానంతట అదే మారలేదు.

కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడా తర్వాతా అని కంప్యూటర్ రోజూ పొద్దున అడిగేది. ఆమె రోజూ తర్వాత అన్న బటనే నొక్కేది. పుస్తకం అయ్యేదాకా దాన్ని కదపకండి, మీకు దణ్ణం పెడతాను అని నాతో రెండుసార్లు చెప్పింది. జూన్‌లో ఒకరోజు ఆమె ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు నేను ఆ గదిలో దుమ్ము తుడుస్తున్నాను. తెర మీద మార్పుల జాబితా ఉంది. సెట్టింగ్స్ విభాగం బాధ్యుడు అని మొదటిసారి నీ పేరుంది. కింద ఏమేం తీసేశారో కూడా రాసి ఉండాలి. అంతదాకా చదవలేదు. ఆమె వచ్చేసరికి తమ్ముడి పని తెర మీద కనబడితే సంతోషిస్తుందనుకున్నాను. ఇప్పుడు అన్న బటన్ నొక్కాను.

ఆమె వచ్చి రెండు మాటలు కొట్టి నా వైపు చూసింది. మీరేమైనా ముట్టుకున్నారా అంది. లేదు, దానంతట అదే మారింది అన్నాను. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నా మాట మీద ఇంకో మాట అడిగే అలవాటు ఆమెకు లేదు. నేను చెప్పిందే ఫిర్యాదులో రాసింది. నీ జవాబు చదివి వంటింట్లోకి వచ్చినప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చేతిలో గిన్నె ఉంది. కడుగుతూ ఉండిపోయాను.

నువ్వు రాసింది నిజం. అబద్ధాలకోరు ఆమె కాదు.

పేరు పెట్టాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో. సరేననడానికీ వద్దనడానికీ నాకు ముఖం లేదు. ముందు అరసెకను తిరిగి పెట్టు.

ఇందాక తువ్వాలు తీసి ఆమె మారుపేరుతో మీ ఫిర్యాదుల పట్టికలోకి వెళ్ళాను. 20417 కింద ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. అప్‌డేట్ నొక్కింది ఈమె కాదు, ఈమె భర్త అని ఒక వాక్యం రాశాను. కింద రెండు బటన్లు. సమస్య ఉంది, సమస్య లేదు. ఉంది నొక్కాను. ఇది నీకు అందేలోపే అది నీ దగ్గరికి వస్తుంది. నొక్కింది నేనే.