రామప్ప ముందు కొబ్బరిచెట్లు

రాజన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీమీద కోపం మాత్రం పోలేదు. బతికినన్నాళ్లూ యాత్రల పుస్తకాలకు అట్టబొమ్మలు వేశావు గానీ, వరంగల్ దాటి ఎన్నడైనా వెళ్లావా? రామప్ప గుడిని క్యాలెండర్ చూసి దించేశావు. పక్కన కొబ్బరిచెట్లు తగిలించావు. "ఆడ ఉండేటివి తాటిచెట్లన్నా, బస్సెక్కి చూసొద్దాం పా" అని నీ శిష్యుడిగా నేను మొత్తుకుంటే, "బొమ్మ కండ్లకు సల్లగుండాలెరా, చెట్టుదేముంది?" అని కసిరావు.

నిన్న నేనొక్కణ్ణే వెళ్లాను. గుడి ముందు ఒక పెద్దాయన నీ అట్ట వేసిన పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. "కొబ్బరిచెట్లు కొట్టేసిన్రా బిడ్డా?" అని బాధగా అడిగాడు. సిగ్గుతో చచ్చాను.

ఈ పొద్దున ఆ పుస్తకం రెండో ముద్రణకు తాటిచెట్లతో కొత్త అట్ట వేసి ఇచ్చాను. పబ్లిషర్ అటూ ఇటూ తిప్పి చూసి, "రామప్ప లెక్క కనబడ్తలేదయ్యా. రాజన్న చెట్లే పెట్టు" అన్నాడు.

చచ్చినా నన్ను వదలవు గదా! పెట్టాను. నా చేతిలోంచి కూడా అచ్చం నీ చెట్లే వచ్చాయి. కింద సంతకం నీదే చేశాను. తిట్లు నువ్వే తిను.