ఐదో మాట దప్పిక

శుభ శుక్రవారం

నేను చెప్తున్నాను, మనవరాలు రాస్తోంది.

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఐదోది దప్పిక. లాటిన్‌లో దాన్ని 'సితియో' అంటారట. అది నీళ్ల దప్పిక కాదు, ఆత్మల కోసం దప్పిక అన్నాడు ఇవాళ చర్చిలో పాస్టరయ్య. నాకు ఒళ్లు మండింది. మూడు వారాలుగా మా గల్లీలో నల్లా రావడం లేదు. చర్చి బోరుకేమో తాళం. లేచి నిలబడ్డాను.

"అయ్యా, మేకులు గొట్టి ఎండల యాలాడదీస్తే మనిషి నీళ్లు గాక ఏమడుగుతడు? ఇగ గా బోరు తాళం తియ్యి."

"కూసో అవ్వా, కమిటీల మాట్లాడుదాం" అన్నాడు. మైకు పక్కనున్న గ్లాసెత్తి నీళ్లు తాగి ఆరో మాట మొదలుపెట్టాడు.

రేపు పొద్దున్నే ఖాళీ బిందెతో పాస్టరయ్య గడపలో కూర్చుంటాను. మనవరాలు వద్దంటోంది. అదీ రాయమన్నాను.