ఒక్క ఈవెంట్ తక్కువ

జూన్ 3

అమ్మ అందరికీ నేను క్యాన్సర్ డాక్టర్నని చెప్పుకుంటోంది. కాదు మొర్రో అన్నా వినదు. పిన్ని గ్యాస్ ట్రబుల్‌కి కూడా నాకే ఫోన్. నేను చేసేది పీహెచ్‌డీ. ఆపరేషన్‌లో తీసిన కడుపు క్యాన్సర్ ముక్కల్లో కొన్ని పొడవాటి ఆర్‌ఎన్‌ఏలు కొలుస్తాను. వాటితో ప్రోటీన్ తయారవదు. ఒకప్పుడు చెత్త కింద జమకట్టారు. ఐదింటిని కలిపి ఒక స్కోరు చేశాం. స్కోరు ఎక్కువుంటే మనిషి త్వరగా పోతాడని మా వాదన. అది తేలాలంటే ఎవరున్నారో, ఎవరు పోయారో తెలియాలి. అందుకే మూడు నెలలకోసారి పేషెంట్లకు ఫోన్లు.

జూన్ 5

అందరిలోకీ ఎక్కువ స్కోరు టైలర్ పెద్దాయనది. మా లెక్కన ఎప్పుడో పోవాలి. నేను హలో అనకముందే, ఇంకా ఉన్నానమ్మా, రాసుకో అన్నాడు. కడుపు సగం తీసేశారు. కొంచెం కొంచెంగా తింటాడు, షాపు మాత్రం మూయడు. మార్కెట్ వెనకే, ఓసారి రా, చొక్కా కుడతానన్నాడు.

జూలై 18

పి వాల్యూ 0.06. స్కోరులో పసే లేకపోయినా గాలివాటంగా ఇంత తేడా కనిపించే అవకాశమన్నమాట. అది 0.05 కంటే తగ్గకపోతే మంచి జర్నల్ ఏదీ గడప తొక్కనివ్వదు. పేపర్ లేకపోతే థీసిస్ లేదు. సెప్టెంబర్‌తో నా గడువు సరి. మా స్టాటిస్టిక్స్ చూసే అక్క బిస్కెట్ నములుతూ, ఎక్కువ స్కోరు వాళ్లలో ఇంకొక్క ఈవెంట్ వస్తే చాలు, దిగిపోతుందంది.

ఈవెంట్ అంటే చావు. మేం ఆ మాట వాడం.

జూలై 30, మధ్యాహ్నం

పెద్దాయనే ఫోన్ చేశాడు. షాపు అమ్మేయమని అల్లుడు ప్రాణం తోడేస్తున్నాడట. నా కడుపు ముక్క ఏం చెప్పిందో చెప్పమ్మా, దాన్నిబట్టి చూసుకుంటానన్నాడు. స్కోరు ఎదురుగా స్క్రీన్ మీదే ఉంది. ఒక్కొక్క మనిషికి చెప్పేంత రుజువు కాలేదండీ, మీ డాక్టర్‌నే అడగండన్నాను. రూలూ అదే, నిజమూ అదే. మరి ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నట్టమ్మా అని నవ్వి, అయితే అమ్మనులే అని పెట్టేశాడు.

సెప్టెంబర్ 4

కాల్స్ అన్నీ అయ్యాయా అని మా గైడ్ సర్ అడిగారు. ఒక్కటి మిగిలిందన్నాను.

సెప్టెంబర్ 5, ఉదయం 11

పెద్దాయన ఫోన్ కూతురు ఎత్తింది. నాన్నగారా... అని ఆగింది. ఆ కాస్తలోనే నా బుర్రలో లెక్క నడిచిపోయింది. ఇంకొక ఈవెంట్, పేపర్, థీసిస్. పక్కన ఎవరికో ఏదో చెప్పి మళ్లీ వచ్చి, షాపుకెళ్లారండీ, ఫోన్ ఇంట్లో మర్చిపోయారంది.

నా ప్రాణం ఉసూరుమంది.

సంతోషం తర్వాత వచ్చింది. నిజంగానే వచ్చింది. కానీ ముందు వచ్చింది అది కాదు. బాత్రూంలోకెళ్లి ముఖం కడుక్కున్నాను. నన్ను చూస్తే నాకే అసహ్యమేసింది.

సెప్టెంబర్ 8

0.06 అనే రాసి ఇచ్చేశాను. సర్ ముఖం మాడ్చుకున్నారు. చిన్న జర్నల్ ఏదైనా చూద్దామన్నారు. గడువు పెంచమని ఎవరి కాళ్లు పట్టుకోవాలో ఏమో.

సెప్టెంబర్ 9

గుడ్డ తీసుకుని మార్కెట్ వెనక షాపుకెళ్లాను. నేనెవరో చెప్పలేదు. కొలతలు తీసుకుని, ఎప్పటికి కావాలమ్మా అన్నాడు.

తొందరేం లేదన్నాను.