తలుపు తట్టకుండా అతికించిన నోటీసు

విద్యార్థి సంక్షేమాధికారి గారి సముఖమునకు,

విశ్వవిద్యాలయ బాలికల వసతి గృహం 214వ గది విద్యార్థిని తండ్రి, వృత్తిరీత్యా లిఫ్ట్ మెకానిక్కు, దాఖలు చేసుకొను అర్జీ.

విషయం: వీడియో గేముల వ్యసనం కారణంగా మా అమ్మాయిని వారం లోపల గది ఖాళీ చేయమన్న నోటీసును రద్దు చేయ కోరుట గురించి.

అయ్యా,

1. తమరు నియమించిన వ్యసన నివారణ సంఘం, విద్యార్థులు ఆటలకు బానిసలగుటకు గల మానసిక కారణాలను నాలుగు నెలలు శ్రమించి కనిపెట్టినది. అవి ఒంటరితనము, ఓటమి భయము, బాధ్యతల నుండి పారిపోవుట, మెప్పు కొరకు తపన. నలభై పేజీల ఆ నివేదికను రెండుసార్లు చదివాను. ఒంటరితనం ఆకాశం నుంచి ఊడిపడినట్టు రాశారే గాని, పిల్ల ఎక్కడ ఒంటరిదయిందో ఒక్క ముక్క లేదు. ఎక్కడో కాదు, తమ దగ్గరే అయింది.

2. నివేదిక ప్రకారం మా అమ్మాయి రెండు నెలలుగా తరగతులకు పోలేదు. తమ హాజరు పట్టీ ప్రకారం తొంభై ఆరు శాతం పోయింది. రెండింటి కిందా తమ సంతకమే ఉన్నది. గేటు దగ్గర యంత్రం మీద వేలు పెట్టి వెనక్కి గదికి పోయినా హాజరేనట. నూట ఎనభై మంది కూర్చునే హాల్లో ఆమె కుర్చీ ఖాళీగా ఉందని ఒక్క అధ్యాపకుడికీ తెలియలేదు. ఇప్పుడు నోటీసు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టుంది.

3. ఆ ఆటేమిటో చూద్దామని మొన్న ఆదివారం మధ్యాహ్నం సందర్శకుల గదిలో ఆమె పక్కన కూర్చున్నాను. ఇరవై నలుగురి జట్టుకు మా పిల్ల నాయకురాలు. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో దాక్కునే మనిషి, "నువ్వు ఎడమవైపు రా, నువ్వాగు, నేను చెప్పాక కదులు" అని అజమాయిషీ చేస్తోంది. ఆమె రావడం పది నిమిషాలు ఆలస్యమైందని ఆటలోంచే ముగ్గురు అడిగారు: "అక్కా, ఏమైంది, ఒంట్లో బాగుందా?" ముక్కూ మొహం తెలియని వాళ్లు. అక్కడ ఓడిపోతే తప్పెక్కడో అప్పుడే చూపించి మళ్లీ ఆడమంటారు. తమ దగ్గర ఓడిపోతే నాలుగు నెలలకు గోడ మీద నంబరు అంటిస్తారు, తప్పెక్కడో చెప్పరు. పిల్లలు ఎటు పోతారో తేల్చడానికి సంఘం ఎందుకో నా మట్టిబుర్రకు అర్థం కాలేదు.

ఆట మంచిదని వాదించుట లేదు. రెండు సబ్జెక్టులు పోయాయి, మణికట్టు వాచింది, మనిషి సగమైపోయింది.

4. పేర్లు రహస్యంగా ఉంచుతామని ప్రశ్నాపత్రం పంచి, మొదటి గడిలోనే రోల్ నంబరు రాయమన్నారు. మిగిలినవాళ్లకు లోకజ్ఞానం ఉంది కనుక "రోజుకు ఒక గంట" అని రాసి బతికిపోయారు. మా పిచ్చిమాలోకం పదకొండు గంటలని నిజం రాసింది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. చివరి ప్రశ్న: "మీకు ఎటువంటి సహాయం కావలెను?" ఆమె జవాబు: "పొద్దున్నే ఎవరైనా తలుపు తట్టి క్లాసుకు రమ్మంటే వస్తాను." తమ సిబ్బంది ఆ తలుపు దాకా వచ్చారు. దాని మీద నోటీసు అతికించి, తట్టకుండానే పోయారు. ఇదేమిటని వార్డెన్‌ను అడిగితే, "అతికించమన్నారండీ, తట్టమని ఆర్డర్లో లేదు" అన్నది.

5. లిఫ్టు మధ్యలో ఆగిపోతే మేము మొదట తలుపు సందులో నోరు పెట్టి, "లోపల ఎవరున్నారు, భయపడకండి" అని కేకేస్తాము. మోటారు సంగతి ఆ తర్వాతే. పదో తరగతి తప్పిన నాకు పనిలో చేరిన మొదటి రోజే ఇది నేర్పారు. సంఘంలోని ఏడుగురు డాక్టరేట్లకు ఎవరూ నేర్పినట్టు లేదు.

పధ్నాలుగో తేదీ నుంచి పరీక్షలు. మా ఇల్లు ఇక్కడికి పది గంటల ప్రయాణం. గది పోతే పరీక్షలు పోతాయి. పరీక్షలు పోతే పిల్లకు ఆ ల్యాప్‌టాప్ తప్ప ఇంకేమీ మిగలదు. కావున నోటీసు రద్దు చేసి, రోజూ ఉదయం ఎనిమిదింటికి ఒక మనిషిని పంపి ఆమెను పిలిపించవలసినదిగా ప్రార్థన. ఇంత పెద్ద విశ్వవిద్యాలయంలో ఆపాటి మనిషి దొరకని పక్షంలో నన్ను అనుమతించగలరు, సెలవు పెట్టే వచ్చాను. తమ చిత్తానికి తీరిక చిక్కినప్పుడు చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
లిఫ్ట్ మెకానిక్కు

తా.క.: నేను చెబుతుంటే ఈ అర్జీ టైపు చేసింది మా అమ్మాయే. అంతా అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఏమ్మా, ఏమన్నా తప్పు చెప్పానా?" అన్నాను. "తప్పేం లేదు నాన్నా. రెండేళ్లుగా రోజూ ఫోన్ చేసి తిన్నావా, చదివావా అని అడిగావు. ఊ అనగానే పెట్టేసేవాడివి. ఎలా ఉన్నావని నువ్వూ అడగలేదు" అంది. ఆ మాట కూడా టైపు చేయమన్నాను. చేయనంది. అందుకని ఈ నాలుగు ముక్కలు నా చేత్తో రాస్తున్నాను. పైన "తమరు" అని ఉన్న చోటల్లా నన్ను కూడా కలిపి చదువుకోవలెను.