ఈతచాప అచ్చు

తోటపల్లి గూడూరు,
1963 మార్చి

నా బంగారు తల్లి ఇందిరమ్మకు నాయన కోటి దీవెనలతో వ్రాయునది.

నీ జాబు అందింది. మూడో నెల అని చదివి, మీ అమ్మకు వినిపించడం మరిచి మళ్ళీ మళ్ళీ అదే చదువుకున్నాను. తనకు చదువు రాకపోయినా నా చేతిలో కార్డు లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏందయ్యా, ఎవురికేమైంది?" అని గుండె పట్టుకుంది. సంగతి చెప్పాక ఇద్దరం కాసేపు ఏడ్చి, ఆ తర్వాత చెరొక బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాం. మీ అమ్మ వీధిలో పోయేవాళ్ళను కూడా పిలిచి పెట్టింది. అప్పుడే అందరికీ చెప్పొద్దే అన్నాను. "చెప్పకుండా బెల్లం పెడితే నాకేదో అయిందనుకుంటారు" అంది.

తల్లీ, నిరుడు నువ్వు మన ఇంటికి వచ్చినప్పుడు బావికాడ పాచిబండల మీద కాలు జారి, కడుపులో నలుసు పోయిన నాటినుంచి ఆ బావి వైపు చూడాలంటే నాకు మనసొప్పలేదు. ఇప్పుడు ఆ బండలు లేవు. అన్నీ పెళ్ళగించి పొలం గట్టున పారేయించాను. సిమెంటు దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు. పర్మిట్టు కోసం నెల్లూరుకు తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోయాయి. అయితేనేం, మన ఇమామ్ సాహెబ్ మేస్త్రీ బావి చుట్టూ చప్టా వేశాడు. ఏం చప్టా అనుకున్నావు. రాయి పెట్టి రుద్ది రుద్ది అద్దం చేశాడు. వంగి చూస్తే నా తలగుడ్డ చుట్లు కూడా కనబడుతున్నాయి. మునసబు గారింట్లో ఇలాంటిది లేదు. ఊరు ఊరంతా వచ్చి చూసిపోతున్నారు.

ఏడో నెలలో నిన్ను పిలుచుకురావడానికి వస్తామని మీ అత్త ఆదిశేషమ్మ గారితోనూ, అల్లుడు పద్మనాభయ్యతోనూ చెప్పు. ఈసారి నీ పురుడు మన ఇంట్లోనే జరగాలి. ఆ బావికి పడ్డ చెడ్డపేరు ఆ బావి నీళ్ళతోనే కడిగేయాలి. నాకు ఇంకో కోరిక లేదు.

నిన్ను తలుచుకుని పొద్దు గడుపుతున్న
నాయన, హజరత్తయ్య


కావలి,
1963 ఏప్రిల్

ప్రియమైన నాయనకు, అమ్మకు ఇందిర నమస్కారాలు.

నీ జాబు మీ అల్లుడు అత్తకు చదివి వినిపించారు. ఏమందో దాచకుండా రాస్తున్నాను, కోపం తెచ్చుకోవద్దు. "ఆ ఇంట్లో నేను కాలు పెట్టను, నా కోడల్ని పెట్టనియ్యను. అద్దం చేసినారంటనా? అద్దం మొగం చూసుకోను పనికొస్తాది గాని, నడవను పనికొస్తాదా?" అంది. మీ అల్లుడు సర్దిచెప్పబోతే "నువ్వు మగోడివి, నీకేం తెలుసు" అని లేచిపోయింది. నన్ను మాత్రం చెంబెడు నీళ్ళు కూడా మోయనియ్యడం లేదు నాయనా. నా వెనకాలే తిరుగుతుంది.

అయితే ఆమె అన్నదాంట్లో ఒక మాట నాకూ నిజమే అనిపించింది. పొడిగా ఉన్నప్పుడు సరే, నీళ్ళు పడితే ఆ అద్దం ఎట్లా ఉంటుందో చూశావా?

నాకొకటి తోచింది. చిన్నప్పుడు ఎండాకాలం ఈతచాప మీద పడుకుని లేస్తే నా చెంప మీద అల్లిక అచ్చు పడేది. నువ్వు దాన్ని వేలితో తడిమి, "చాప ఆడనుందా, నీ చెంప మీదుందా" అని నవ్వేవాడివి. పైన ఇంకో పూత సిమెంటు వేసి, అది పచ్చిగా ఉండగానే దానిమీద ఈతచాప పరిచి అదిమితే ఆ గరుకు దిగదా? కాలికి పట్టు దొరుకుతుంది, చూడను కూడా బాగుంటుంది. ఇమామ్ సాహెబ్ మామను అడిగి చూడు. పిచ్చిమాట అయితే ఇద్దరూ నవ్వుకుని వదిలేయండి.

మీ మీద బెంగతో,
ఇందిర


తోటపల్లి గూడూరు,
1963 మే

నా చదువుల తల్లికి, నా కావలి ఇంజనీరుకు నాయన ముద్దులు.

ముందు నా పరువు పోయిన కథ విను. నీ జాబు చదివి, "అద్దం జారుతుందా, చూద్దాం" అని చప్టా మీద నాలుగు చేదలు నీళ్ళు పోసి, కడవ భుజాన పెట్టుకుని జమీందారు మాదిరి నడిచాను. రెండో అడుగుకే కడవతో సహా కూర్చున్నాను. మీ అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎముకలేమీ విరగలేదని తెలుసుకుని, గిలక స్తంభం పట్టుకుని నవ్వింది చూడు, నీ పెళ్ళిలో కూడా అంత నవ్వలేదు. "అద్దంలో మొగం చూసుకున్నావా మామా?" అంది.

ఇమామ్ సాహెబ్‌కు చెప్తే పాపం అతని ప్రాణం ఉసూరుమంది. "అన్నా, నా జన్మలో ఇంత నునుపు తియ్యలేదే. మళ్ళీ నా చేత్తోనే దీన్ని కొట్టాలనా?" అన్నాడు. నీ జాబులో చాప మాట చదివి వినిపించాను. తాపీ కింద పెట్టేశాడు. తర్వాత ఉలి తీసి తనే పైపొరంతా గాట్లు పెట్టాడు. కొత్త సిమెంటు పోసి, నేనూ మీ అమ్మా చెరొక కొస పట్టుకుని చాప పరిచాం. అతను చెక్కతో అదిమాడు. లేపబోతే చాపతోపాటు సిమెంటు కూడా పెళ్ళలు పెళ్ళలుగా లేచి వచ్చింది.

"మన చాప సిమెంటు తింటాండాదే" అన్నాడు సాహెబ్.

మీ అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని మా ఇద్దరినీ చూసింది. "అరిసె తట్టేటప్పుడు ఆకుకు నూనె రాయకపోతే ఊడొస్తాదాయ్యా? ఆముదం రాయండి" అంది.

ఆముదం పూసిన చాప విస్తరాకులాగా లేచి వచ్చింది ఇందిరమ్మా. కింద చూస్తే ఏముంది. ఎక్కడి అల్లిక అక్కడ, ఏ ఈతాకు ఏ ఆకు కిందినుంచి దూరిందో కూడా తెలిసిపోతోంది. అంచుకు కొబ్బరి తాడు అదిమి జడలాగా గీత తీశాడు సాహెబ్. ఆరినాక నీళ్ళు పోసి నడిచాను. కుంకుడు నురుగు పోసి నడిచాను. మీ అమ్మ వద్దు వద్దంటున్నా పరుగెత్తాను. కాలు పెట్టిన చోటినుంచి కదిలితే ఒట్టు.

ఇక ఆగబుద్ధి కాలేదు. మళ్ళీ నెల్లూరుకు తిరిగి ఇంకో పర్మిట్టు తెచ్చుకున్నాను. బావినుంచి వంటింటి దాకా అచ్చు వేయించాను. అక్కడినుంచి ఇంటి చుట్టూ దొడ్డివాకిలి దాకా వేయిస్తున్నాను. చూడవచ్చిన వాళ్ళు "ఇదెక్కడి పనితనం, మద్రాసుదా?" అని అడుగుతున్నారు. "కావలిది. మా బిడ్డ చెప్పింది" అని ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను. అడగని వాళ్ళను కూడా నిలబెట్టి చెప్తున్నాను. పొద్దున లేచి ఆ అచ్చు మీద చెయ్యి వేస్తే, నిద్ర లేచిన నీ చిన్నప్పటి చెంపే తగులుతుంది తల్లీ.

ఇదంతా మీ అత్తకు చదివి వినిపించు. నేను పడిన సంగతి కూడా వదలొద్దు.

నీ నాయన


కావలి,
1963 జూన్

ప్రియమైన నాయనకు ఇందిర నమస్కారాలు.

జాబు అత్తకు వినిపించాను. నువ్వు పడిన చోట నవ్వలేదు. ఆముదం రాసిన ముక్క మాత్రం మళ్ళీ చదవమంది. నా మనసులో ఆశ పుట్టింది. మర్నాడే చీరె మార్చుకుని, "నెల్లూరుకు పొయ్యొస్తా. కాన్పుల ఆసుపత్రిలో నీ సంగతి మాట్లాడొస్తా" అని రైలెక్కింది. నిన్ను పంపను అని నోటితో అనలేదంతే. ఆసుపత్రిలో పురుడు మాట్లాడటానికి పోయిందంటే అర్థం అదే కదా.

నాయనా, నువ్వు బాధపడొద్దు. వేసిన చప్టా ఎక్కడికీ పోదు. నేను రాలేకపోయినా, రోజూ నీళ్ళు చేదే అమ్మ కాలు జారకుండా ఉంటుంది. నాకు అదే చాలనుకుంటాను. చాలదు గాని, అనుకుంటాను.

మీ ఇందిర


తోటపల్లి గూడూరు,
1963 జూన్

నా ఇంటి వెలుగు ఇందిరమ్మకు, ఆనందం పట్టలేని నాయన వ్రాయునది. గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

నీ జాబు నిన్న సాయంత్రం అందింది. నిన్న పొద్దునే మీ అత్త వచ్చింది.

దొడ్డివాకిలి దగ్గర చివరి ముక్క వేస్తున్నాం. అప్పుడే చాప లేపి పక్కన పెట్టాం. ఎవరో బయటినుంచి తడిక తోసి, చూసుకోకుండా పచ్చి సిమెంటులో కుడికాలు దించారు. "ఎవురమ్మా అది, చూసుకోబళ్ళా?" అని సాహెబ్ అరిచాడు. నేను తల ఎత్తి చూశాను. ఆదిశేషమ్మ గారు. ఒక కాలు వీధిలో, ఒక కాలు నా ఇంట్లో.

"ఏందన్నా ఇది, ఇంటికొచ్చినోళ్ళని బురదలో దించుతారా?"

"బురద కాదక్కా, సిమెంటు" అన్నాను.

ముందువాకిలి గుండా తీసుకొచ్చి మీ అమ్మ కాలు కడగబోతే, "ఉండు వదినా, నేనే కడుక్కుంటా" అని బావికాడికి నడిచింది. తనే నీళ్ళు చేదింది. చప్టా అంతా పారించింది. తడికాళ్ళతో అటూ ఇటూ నడిచింది, మడమ తిప్పి తిప్పి రుద్దింది. నిండు కడవ చంకనెత్తుకుని వంటింటి దాకా పోయి వచ్చింది. మేం ముగ్గురం గోడకు ఆనుకుని, పరీక్ష రాసే పిల్లకాయల మాదిరి నిలబడి ఉన్నాం. చివరికి కూర్చుని ఆ అల్లిక మీద అరచెయ్యి పెట్టింది.

"నా కోడలికి తోచిందా ఇది?"

"ఔనక్కా."

చెయ్యి తీయకుండా, నా మొహం చూడకుండానే అంది. "నిరుడు ఆసుపత్రిలో కడుపు పోయిన నా కోడల్ని ఒళ్ళో ఏసుకుని కూర్చున్నది నేనన్నా. మళ్ళీ అట్లా కూర్చోలేను. అందుకే అనినా ఆ మాట. మీ మీద కోపమై కాదు."

ఆసుపత్రి మాట్లాడటానికి పోతున్నానని నీతో అన్నది ఊరికేనంట. ఇక్కడికని చెప్తే నువ్వు నాకు ముందే రాస్తావని, మేం అన్నీ తుడిచి సర్ది పెడతామని భయమంట. అందుకే దొడ్డిదారిన వచ్చిందంట. మీ అత్త గడుసుది తల్లీ.

ఇంతలో సాహెబ్ తాపీ పట్టుకుని ఆ అడుగుగుర్తు పూడ్చబోయాడు. ఆగమన్నాను.

"పూడ్చెయ్యి సాయిబూ, ఊరంతా నవ్వుతారు" అంది మీ అత్త.

"నవ్వనియ్ అక్కా. కాలు పెట్టనన్న అక్క కాలు పెట్టింది. నేను చచ్చినా దీన్ని పూడ్చనియ్యను" అన్నాను.

ఆమె మూతి బిగించుకుని నన్ను చూసింది, మీ అమ్మను చూసింది. ఇక తిడుతుంది అనుకున్నాను. దొడ్డివాకిలికి పోయి ఆ గుర్తును కాసేపు చూసింది. "ఒంటికాలు గుర్తుంటే, ఎవురో కుంటిది వచ్చి పోయిందంటారు" అని, చీరె కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ఇంటివైపు తిరిగి, ఆ గుర్తు పక్కనే ఎడమకాలు కూడా తనే పెట్టింది. పెట్టి, బాగా అదిమింది. అప్పుడు నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఏడో నెల రాగానే నిన్ను తనే పిలుచుకొస్తుందంట. పురుడయ్యేదాకా తనూ ఇక్కడే ఉంటుందంట. పోతూ పోతూ ఆముదం మరకల ఈతచాప చుట్టి చంకలో పెట్టుకుంది, కావలిలో మీ బావికి కూడా వేయిస్తుందంట. సాహెబ్‌కు కబురు చేస్తానంది.

నిన్న రాత్రి సన్నగా వాన పడింది. పొద్దున లేచి చూస్తే ఆ రెండు అడుగుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. రెండూ మన ఇంట్లోకే తిరిగి ఉన్నాయి. నువ్వు దొడ్డివాకిలి గుండానే రా తల్లీ. మీ అత్త అడుగులో అడుగేసుకుని రా.

వాకిట్లో నీకోసం కాచుకున్న
నాయన, హజరత్తయ్య